డీజిల్ కారులో పెట్రోల్ పడితే: తాళం తిప్పకముందు, తిప్పాక

డీజిల్ బండిలో పొరపాటున పెట్రోల్ కొట్టారని తెలియగానే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే సలహా దాదాపు ఎక్కడైనా ఒకటే: "ఏం కాదు, మిగతాది డీజిల్ నింపేసి నడిపేయండి, కలిసిపోతుంది." ఈ మాట పుట్టిన రోజుల్లో అందులో కొంత నిజం ఉండేది. అంబాసిడర్ డీజిల్, తొలినాటి ఇండికా, పాత జీపుల్లోని మెకానికల్ పంపులు కొద్దిపాటి పెట్రోల్‌ను ఓర్చుకునేవి. యూరప్‌లో గడ్డకట్టే చలికి డీజిల్ చిక్కబడకుండా కొంత పెట్రోల్ కలుపుకోవచ్చని కొన్ని కార్ల కంపెనీలే అప్పట్లో తమ మాన్యువల్స్‌లో రాశాయి. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే డీజిల్ కార్లలో అత్యధికం కామన్ రైల్ ఇంజిన్లవి, అంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ 'రైల్' అనే ఒకే గొట్టం నుంచి అధిక పీడనంతో ఇంధనం అందే రకం. వీటి విషయంలో ఆ సలహా పాటిస్తే, కొన్ని వేలతో పోయే పని లక్ష దాటిన బిల్లు దాకా పోవచ్చు. ఎందుకో తెలియాలంటే ముందు పంపు సంగతి చూడాలి.

దెబ్బ తగిలేది ఎక్కడ

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని పదిహేను నుంచి పద్దెనిమిది రెట్లు నొక్కితే దాని వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడిగాలిలోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పే కొలత సీటేన్ నంబర్. ఇప్పటి కాలుష్య ప్రమాణమైన బీఎస్-6 కింద అమ్మే డీజిల్‌కు అది కనీసం 51 ఉండాలి. పెట్రోల్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేక స్వభావం. స్పార్క్ వచ్చేదాకా తనంతట తాను అంటుకోకుండా ఉండేలా దాన్ని తయారుచేస్తారు. రెండూ కలిసిన ఇంధనం సిలిండర్‌లో ఆలస్యంగా, ఒక్కసారిగా భగ్గుమంటుంది. బయటికి తెలిసేది దీని ఫలితమే: టకటకమని నాకింగ్, పికప్ పడిపోవడం, మిస్సింగ్, తెల్లటి పొగ, చివరికి ఆగిపోవడం.

కానీ ఖర్చు తెచ్చిపెట్టేది ఈ నాకింగ్ కాదు. కామన్ రైల్ బండిలో ఇంధనాన్ని 1600 నుంచి 2000 బార్ పీడనానికి తీసుకెళ్లే హై ప్రెషర్ పంపు ఒకటి ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ పైచిలుకు మాత్రమే. ఆ పంపు లోపల ముందుకూ వెనక్కీ కదిలే ప్లంజర్ అనే కడ్డీకీ, అది కదిలే గోడకూ మధ్య సందు కొన్ని మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). చాలా కార్లలో ఈ పంపుకు ఇంజిన్ ఆయిల్ అందదు. దానిలోంచి పారే డీజిలే దానికి ఇంధనమూ, కందెనా. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ ఉంటే, పెట్రోల్‌ది ఇంచుమించు అర సెంటీస్టోక్. లోహానికీ లోహానికీ మధ్య ఉండాల్సిన పలుచటి డీజిల్ పొర, పెట్రోల్ కలిసేసరికి నిలబడదు. ఇనుము ఇనుముతో ఒరుసుకుంటుంది.

బీఎస్-6 వచ్చాక ఈ విషయంలో ఇంకో మెలిక ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా డీజిల్‌లో గంధకం 10 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో పది) మించకూడదు. గంధకాన్ని తీసేసే శుద్ధిలోనే డీజిల్‌కు సహజంగా ఉండే జారుడుగుణం కూడా చాలావరకు పోతుంది. అందుకని రిఫైనరీలు విడిగా ఒక అడిటివ్ కలుపుతాయి. ఉక్కు గోళీని డీజిల్‌లో రాపిడి చేయించి, దానిపై పడ్డ అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటలేదని చూసి పాస్ చేస్తారు. అంటే ఈనాటి డీజిల్ ఆ పంపును సరిగ్గా కాపాడేంత వరకే కాపాడుతోంది. పలచన చేస్తే తట్టుకునేంత మిగులు అందులో లేదు.

పంపు అరగడం మొదలైతే అక్కడితో ఆగదు. రాలిన సన్నటి లోహపు రజను రైల్‌లోకి, అక్కడి నుంచి ఇంజెక్టర్లలోకి వెళ్తుంది. వాడగా మిగిలిన ఇంధనంతో పాటు రిటర్న్ పైపు గుండా తిరిగి ట్యాంకులోకీ చేరుతుంది. ఒక్క పంపు పోయిన బండిలో పంపు, రైల్, ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పైపులు అన్నీ మార్చాలని సర్వీస్ సెంటర్లు చెప్పడం బిల్లు పెంచడానికే అని చాలామంది అనుకుంటారు. రజను నిజంగా కనిపించిన బండిలో ఆ మాట సరైనదే. పంపు ఒక్కటే మార్చితే పైపుల్లో మిగిలిన రజను ఇంజెక్టర్లనూ, కొత్త పంపునూ కూడా తినేస్తుంది.

మన దగ్గర పెట్రోల్ అంటే ఇప్పుడు వట్టి పెట్రోల్ కూడా కాదు. అందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు సీటేన్ విలువా చాలా తక్కువ, జారుడుగుణమూ తక్కువే. పైగా అది తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు అడుగున ఇప్పటికే కొంత నీరు చేరి ఉంటే, ఇథనాల్ దానితో కలిసి విడిపోయి అడుగుకు దిగవచ్చు. పంపు పీల్చుకునేది కూడా అడుగు నుంచే.

ఎంత పడితే ప్రమాదం

ముందు ఒక అపోహ తొలగాలి. పెట్రోల్ తేలిక కాబట్టి పైన తేలుతుందని, కింద ఉన్న డీజిల్ మీద షెడ్డు దాకా వెళ్లిపోవచ్చని కొందరు చెబుతారు. అది తప్పు. రెండూ పెట్రోలియం నూనెలే. ఒకదానిలో ఒకటి పూర్తిగా కలిసిపోతాయి, మళ్లీ విడిపోవు.

కామన్ రైల్ కార్ల మాన్యువల్స్‌లో సాధారణంగా ఎలాంటి మినహాయింపూ ఉండదు: ఎంత పడినా స్టార్ట్ చేయొద్దు, ట్యాంకు ఖాళీ చేయించండి. ఆచరణలో చూస్తే, 50 లీటర్ల ట్యాంకులో అర లీటరు పెట్రోల్ అంటే 1 శాతం. అంతకన్నా తక్కువ పడి, వెంటనే ఆపేసి, ట్యాంకు నిండా డీజిల్ పట్టిస్తే చాలామంది మెకానిక్‌లు బండిని అలాగే పంపేస్తారు. వారంటీలో ఉన్న బండికైతే అదీ చేయకపోవడం మంచిది. ఒకటి రెండు లీటర్లు పడిందంటే ఇక ఆలోచించాల్సిన పని లేదు. 40 లీటర్ల డీజిల్ పారబోయాల్సి వచ్చినా, లీటరు 95 రూపాయల లెక్కన పోయేది 3,800. దాన్ని మిగుల్చుకోవడానికి ఇంజెక్టర్లను పణంగా పెట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే.

టూ-టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లలో పెట్రోల్‌లో కలిపే నూనె) కలిపితే సరిపోతుందనేది ఇంకో సలహా. అది జారుడుగుణాన్ని కొంత తెస్తుందేమో కానీ సీటేన్‌ను పెంచదు, మంట స్వభావాన్ని మార్చదు. పైగా ఎగ్జాస్ట్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్-6 బండికి నూనె కాలిన బూడిద అదనపు భారం.

బంకులో ఉండగానే తెలిస్తే

ఇదే అన్నిటికన్నా మంచి పరిస్థితి. ఇంజిన్‌ను స్టార్ట్ చేయకూడదు. అంతేకాదు, ఇగ్నిషన్ కూడా ఆన్ చేయకూడదు. ట్యాంకు లోపల కరెంటు పంపు ఉన్న కార్లలో తాళం ఆన్‌లోకి తిప్పగానే, సెల్ఫ్ కొట్టకముందే, ఆ పంపు కొన్ని సెకన్లు తిరిగి ఇంధనాన్ని ఫిల్టర్ వైపు తోస్తుంది. తాళంచెవి ఉన్న బండిలో స్టీరింగ్ లాక్ విడిపించడానికి మొదటి మెట్టు, అంటే ఏసీసీ వరకు తిప్పితే చాలు. పుష్ బటన్ ఉన్న చాలా కార్లలో బ్రేకు, క్లచ్ తొక్కకుండా ఒక్కసారి నొక్కితే ఏసీసీ, రెండోసారి నొక్కితే ఇగ్నిషన్ ఆన్. ఒక్కసారితో ఆగాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి బండిని పక్కకు తోయించాలి. ఆటోమేటిక్ అయితే గేర్ లీవర్ పక్కన చిన్న మూత కింద ఉండే షిఫ్ట్ లాక్ రిలీజ్‌ను నొక్కి న్యూట్రల్‌లోకి తేవచ్చు. అది లేని మోడళ్లను చక్రాల కింద డాలీ (చిన్న చక్రాల బల్ల) పెట్టి కదపడమే మేలు. వెనక వరుసలో బండ్లు హారన్లు కొడుతున్నాయని "పక్కకు తీసేంతవరకే" అంటూ స్టార్ట్ చేసినప్పుడే చాలా బండ్లకు నష్టం మొదలవుతుంది.

బండిని ఫ్లాట్‌బెడ్ మీద, అంటే కారు మొత్తాన్ని పైకి ఎక్కించుకునే లారీ మీద తరలించాలి. కారు కంపెనీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ లేదా బీమాతో తీసుకున్న అసిస్టెన్స్ చాలావాటిలో తప్పు ఇంధనం పడినప్పుడు టోయింగ్ ఇస్తారు. ఫోన్ చేసినప్పుడు "స్టార్ట్ అవడం లేదు" అని కాకుండా "డీజిల్ బండిలో పెట్రోల్ పడింది, స్టార్ట్ చేయలేదు" అనే చెప్పాలి. లేకపోతే వచ్చిన మెకానిక్ జంప్ కేబుల్స్‌తో వచ్చి మొదట సెల్ఫ్ కొట్టి చూస్తాడు.

ట్యాంకు ఖాళీ చేయడం

ఇప్పటి కార్లలో నింపే మూతి నుంచి పైపు వేసి లాగడం కుదరదు. లోపల వాల్వో జాలీయో అడ్డు ఉంటుంది. వెనక సీటు ఎత్తితే కనిపించే మూత తీసి, పంపు లేదా గేజ్ యూనిట్‌ను బయటికి తీసి అక్కడి నుంచి లాగాలి. ఆ దారి లేని బండ్లలో ట్యాంకునే దించాలి. ట్యాంకులో కరెంటు పంపు ఉంటే, ఫిల్టర్ దగ్గర పైపు ఊడదీసి డబ్బాలోకి వదిలి, కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌తో ఆ పంపును నడిపించి ఖాళీ చేసే పద్ధతీ ఉంది. వెనక చక్రాలకు షాఫ్ట్ వెళ్లే కొన్ని బండ్లలో ట్యాంకు జీను ఆకారంలో రెండు అరలుగా ఉంటుంది. ఒక వైపు లాగేసి పని అయిపోయిందనుకుంటే రెండో అరలో అయిదారు లీటర్లు మిగిలిపోవచ్చు.

కడగడం ఎందుకో చిన్న లెక్కతో తేలుతుంది. సగం పెట్రోల్, సగం డీజిల్ ఉన్న ట్యాంకును ఎంత లాగినా మూలల్లో రెండు లీటర్లు మిగిలాయనుకుందాం. అందులో పెట్రోల్ ఒక లీటరు. అలాగే 50 లీటర్లకు నింపితే 2 శాతం పెట్రోల్ ఉన్నట్టే. అలా నింపకుండా 4 లీటర్ల డీజిల్ పోసి, బండిని అటూ ఇటూ ఊపి, మళ్లీ లాగితే మిగిలేది 0.33 లీటరు. ఇంకోసారి అలాగే చేస్తే 0.11 లీటరు, అంటే నిండు ట్యాంకులో 0.2 శాతం. ఎనిమిది లీటర్ల డీజిల్ ఖర్చుతో సమస్య ముగుస్తుంది. ఆ తర్వాత పది పదిహేను లీటర్లు కాకుండా ట్యాంకు నిండా పట్టించడమే సరైనది.

ఈ పనిలో మంట ప్రమాదాన్ని షెడ్లలో తక్కువగా అంచనా వేస్తారు. డీజిల్‌తో పనిచేసే అలవాటు వల్ల ఆ ధీమా వస్తుంది. బీఎస్-6 డీజిల్ 35 డిగ్రీలకు దిగువన మంటకు సరిపడా ఆవిరి ఇవ్వదు. పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీల కిందనే ఇస్తుంది. ఇంకో సూక్ష్మం ఉంది. వట్టి పెట్రోల్ ట్యాంకులో ఆవిరి మరీ చిక్కగా ఉండి, గాలి చాలక అంటుకోదు. కొద్దిగా పెట్రోల్ కలిసిన డీజిల్ ట్యాంకులో ఆ ఆవిరి పలచబడి, పేలడానికి సరిపోయే 1.4 నుంచి 7.6 శాతం మధ్య పడే అవకాశం ఎక్కువ. కాబట్టి బ్యాటరీ నెగెటివ్ ఊడదీయాలి. స్కానర్‌తో పంపు నడిపే పద్ధతిలో బ్యాటరీ అవసరం కాబట్టి డబ్బాను బండికి దూరంగా ఉంచాలి. ఆరుబయట చేయాలి. ఆవిరి గాలికన్నా బరువు కనుక సర్వీస్ గుంత మీద బండి పెట్టి చేయకూడదు. ప్లాస్టిక్ బకెట్లు, మామూలు వ్యాక్యూమ్ మోటార్లు వాడకూడదు. ఇనుప డబ్బాను బండి బాడీకి తీగతో కలపాలి. పొడి రసాయనం ఉన్న మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి. నోటితో పైపు పీల్చడం ఏ పరిస్థితిలోనూ వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోయిన కొద్దిపాటి పెట్రోల్ కూడా ఆసుపత్రి పాలు చేస్తుంది.

స్టార్ట్ చేశాక తెలిస్తే

బంకు నుంచి బయటికి వచ్చిన కారు కాసేపు మామూలుగానే నడుస్తుంది. పైపుల్లో, ఫిల్టర్‌లో ఉన్న పాత డీజిల్ అప్పటికి కాలుతూ ఉంటుంది. ఫిల్టర్‌లో అర లీటరు ఉందంటే పది కిలోమీటర్లు వస్తుందని లెక్క వేయకూడదు. హై ప్రెషర్ పంపు లాగిన దానిలో ఇంజిన్ కాల్చేది కొంతే, మిగతాది తిరిగి ట్యాంకుకు పోతుంది. అందుకే కొత్త మిశ్రమం నిమిషాల్లోనే పంపును చేరుతుంది. శబ్దం మారినా, పికప్ తగ్గినా రోడ్డు పక్కకు తీసి వెంటనే ఆపేయాలి. ఆగిపోయిన బండిని మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టడం అన్నిటికన్నా చెడ్డది. కందెన లేని పంపును బలవంతంగా తిప్పుతున్నట్టే.

షెడ్డులో ట్యాంకు ఖాళీ చేసి కడిగాక, డీజిల్ ఫిల్టర్ కొత్తది వేయాలి. ఫిల్టర్‌కు వచ్చే పైపును, రిటర్న్ పైపును విడిగా డబ్బాలోకి వదిలి, చేత్తో నొక్కే ప్రైమర్ బల్బుతోనో ట్యాంకు పంపుతోనో శుభ్రమైన డీజిల్ పారించి, ఎయిర్ పూర్తిగా తీశాకే సెల్ఫ్ కొట్టాలి. ఎయిర్ తీయకుండా స్టార్ట్ చేయబోతే పంపు మరోసారి పొడిగా తిరుగుతుంది. స్టార్ట్ అయ్యాక పదిహేను నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, పైపుల జాయింట్ల దగ్గర లీకులు చూసి, ఆ తర్వాతే రోడ్డు మీదికి తేవాలి.

దానికన్నా ముందు జరగాల్సిన పని ఒకటుంది. చాలాచోట్ల దాన్ని వదిలేస్తారు. తీసిన పాత ఫిల్టర్‌ను కోసి, కాగితపు మడతలను వెలుతురులో చూడాలి. పంపులోకి ఎంత డీజిల్ వెళ్లాలో నియంత్రించే, పంపు మీదే ఉండే మీటరింగ్ వాల్వ్ విప్పి, అందులోని డీజిల్‌ను తెల్ల గుడ్డ మీద పోయాలి. వెండి పొడిలా మెరుపు కనిపిస్తే పంపు అరుగుదల మొదలైనట్టే. అప్పుడు వట్టి కడగడంతో సరిపెట్టకూడదు. మెరుపు లేకపోతే, స్టార్ట్ చేశాక స్కానర్‌లో రైల్ ప్రెషర్ చూడాలి. ఐడ్లింగ్‌లో కంప్యూటర్ కోరిన ప్రెషర్, వాస్తవంగా వస్తున్న ప్రెషర్ దగ్గరదగ్గరగా ఉండాలి. తర్వాత రిటర్న్ టెస్ట్: నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు పెట్టి కొన్ని నిమిషాలు నడిపితే, అన్నిటిలో ఇంచుమించు సమానంగా చేరాలి. ఒకదానిలో మిగతావాటికి రెట్టింపు చేరితే ఆ ఇంజెక్టర్ లోపల వాల్వ్ దెబ్బతింది.

ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన, మట్టం చూడాలి. కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగి ఉంటే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చాలి. కాలకుండా ఎగ్జాస్ట్‌లోకి వెళ్లిన పెట్రోల్ డీపీఎఫ్‌ను అతిగా వేడెక్కించవచ్చు కనుక, బీఎస్-6 బండిలో దాని రీడింగులూ ఒకసారి చూడటం అవసరం.

తీసిన మిశ్రమాన్ని ఏం చేయాలి

పెట్రోల్ బైకులో పోయకూడదు, ట్రాక్టర్‌లో పోయకూడదు, కిరోసిన్‌లా స్టవ్‌లో అసలే వాడకూడదు. కొద్ది శాతం పెట్రోల్ ఉన్నా అది పెట్రోల్ లాగే అంటుకుంటుంది. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం 23 డిగ్రీలకన్నా తక్కువ ఫ్లాష్ పాయింట్ (మంటకు సరిపడా ఆవిరి ఇవ్వడం మొదలయ్యే వేడి) ఉన్నది క్లాస్ ఏ సరుకు. అమ్మకానికి కాకపోయినా లైసెన్స్ లేకుండా 30 లీటర్లకు మించి దగ్గర ఉంచుకోకూడదు. ఒక ట్యాంకు ఖాళీ చేస్తేనే ఈ హద్దు దాటవచ్చు. వాడిన ఆయిల్ తీసుకెళ్లే అధీకృత రీసైక్లర్‌కు సర్వీస్ సెంటర్ ద్వారానే అప్పగించడం సరైన దారి.

తప్పు బంకుదైతే

మన దగ్గర నాజిల్ పట్టేది ఎక్కువగా బంకు సిబ్బందే కనుక, బాధ్యత ప్రశ్న వెంటనే వస్తుంది. బిల్లు తీసుకోవాలి. అందులో పెట్రోల్‌కు ఎంఎస్ అని, డీజిల్‌కు హెచ్ఎస్‌డీ అని ఉంటుంది; ఏది, ఎంత, ఎన్ని గంటలకు పట్టారో చెప్పే గట్టి ఆధారం అదే. ఏ నాజిల్ దగ్గర బండి ఆగిందో ఫొటో తీయాలి. ఫిర్యాదుల పుస్తకం ప్రతి బంకులో ఉండాలి. అందులో బండి నంబరు, లీటర్లు, "స్టార్ట్ చేయలేదు" అనే మాట రాయాలి. ఆయిల్ కంపెనీ సేల్స్ ఆఫీసర్ ఫోన్ నంబరు బంకులోనే బోర్డు మీద ఉంటుంది. సీసీటీవీ ఉంటే ఆ గంట రికార్డు భద్రపరచమని మేనేజర్‌ను రాతపూర్వకంగా అడగాలి. బంకు వాళ్లు ఒప్పుకుంటే ట్యాంకు ఖాళీ చేయించే ఖర్చు, డీజిల్ వాళ్లే భరించేలా అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

ఒప్పుకోకపోతే, ట్యాంకు నుంచి తీసిన దానిలో ఒక్కో లీటరు చొప్పున రెండు అల్యూమినియం సీసాల్లో పట్టి, సీలు వేసి, ఇద్దరి సంతకాలు పెట్టించాలి. "డెన్సిటీ (సాంద్రత) సరిగ్గానే ఉంది" అని బంకు వాళ్లు కొలిచి చూపిస్తే దాన్ని చివరి మాటగా తీసుకోనవసరం లేదు. ఘనమీటరుకు పెట్రోల్ 745 కిలోలు, డీజిల్ 830 కిలోలు అనుకుంటే, 40 శాతం పెట్రోల్ కలిసినప్పుడు 796 వస్తుంది, తేడా స్పష్టంగా తెలుస్తుంది. 10 శాతమే కలిస్తే 821 దాకా వస్తుంది. వట్టి డీజిల్ కూడా అంత ఉండొచ్చు. తక్కువ కలిసినప్పుడు పట్టించేది ల్యాబులో చేసే ఫ్లాష్ పాయింట్ పరీక్ష. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. కంపెనీ వారంటీ ఈ నష్టానికి వర్తించదు. బీమాలో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ సాధారణంగా నీరు చేరడం, ఆయిల్ కారిపోవడం వంటివాటికే పరిమితం. పాలసీ కాగితం చదవకుండా దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

పొరపాటు ఎలా మొదలవుతుంది

పెట్రోల్ నాజిల్ మూతి సుమారు 21 మిల్లీమీటర్లు, డీజిల్‌ది 24, 25 దాకా. డీజిల్ నాజిల్ చాలా పెట్రోల్ కార్ల మూతిలో పట్టదు. పెట్రోల్ నాజిల్ మాత్రం డీజిల్ కారు మూతిలో తేలిగ్గా దూరిపోతుంది. ఎక్కువ నష్టం చేసే పొరపాటే తేలిగ్గా జరిగేలా ఉందన్నమాట. క్రెటా, వెన్యూ, నెక్సాన్ లాంటివి ఒకే రూపంలో రెండు ఇంధనాలకూ వస్తున్నాయి. బంకు కుర్రాడికి బండిని చూసి తెలిసే వీలు లేదు. ప్రీమియం ఇంధనాల పేర్లూ తికమక పెడతాయి. భారత్ పెట్రోలియం స్పీడ్, హిందుస్థాన్ పెట్రోలియం పవర్, ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ 95 ఇవన్నీ పెట్రోళ్లే. డీజిల్ కారు యజమాని "స్పీడ్ కొట్టు" అంటే కొట్టేది పెట్రోలే.

అద్దాలు దించి "ఫుల్ ట్యాంక్" అనేసి ఫోన్ చూసుకోవడం మానాలి. "డీజిల్" అన్న మాట ముందు చెప్పి, తర్వాతే డబ్బో లీటర్లో చెప్పాలి. కిందికి దిగి, నాజిల్ ఏ మెషీన్ నుంచి వస్తోందో, తెర మీద లీటరు ధర ఎంత చూపిస్తోందో చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెట్రోల్ ధర డీజిల్ కన్నా పది రూపాయల పైనే ఎక్కువ కనుక తేడా ఇట్టే తెలుస్తుంది. సెల్ఫ్ డ్రైవ్‌కు అద్దెకు తీసుకున్న బండి అయితే ట్యాంకు మూత లోపల అతికించిన స్టిక్కర్ చదవాలి. యూరప్‌కు వెళ్లి కారు అద్దెకు తీసుకునే తెలుగువాళ్లకు అక్కడ ఇంకో వెసులుబాటు ఉంది: 2018 అక్టోబరు నుంచి నాజిల్ మీదా, కొత్త కారు మూత మీదా ఒకే రకం గుర్తులు వేస్తున్నారు. పెట్రోల్‌కు గుండ్రటి గుర్తు, డీజిల్‌కు చతురస్రం.